మంజీర ఒడ్డున జర్మన్ కందకం

సినిమా పిచ్చి ఉన్నవాళ్లు బాన్సువాడకు పోతే 'ఫిదా' తీసిన తావులు చూసొస్తారు. మేం జర్మన్ సైనికులు దాక్కునే కందకం ఎక్కడ తవ్వితే బాగుంటుందో చూడటానికి పోయాం. మేం అంటే నేనూ, మా చెల్లెలి కొడుకూ. వాడు కృష్ణానగర్‌లో అసిస్టెంట్ డైరెక్టర్‌గా తిరిగి, షార్ట్ ఫిల్ములు కొన్ని తీసి, ఇప్పుడు ఒక యుద్ధం కథ చంకన పెట్టుకుని తిరుగుతున్నాడు. అందులో మన సైనికులు లేరు. కథంతా జర్మన్ సిపాయిల వైపు నుంచి నడుస్తుంది. బడ్జెట్ ఎంతరా అంటే చెప్పడు. "నువ్వు భయపడ్తవ్ మామా, గంత తక్కువ" అంటాడు.

బాన్సువాడే ఎందుకంటే, వాడి దోస్తు వాళ్లకు అక్కడ మంజీర పక్కన పొలం ఉంది. కిరాయి అడగరు. చిన్న సినిమాలు చాలావరకు ఇట్లాగే మొదలవుతాయి. కథకు తగిన చోటు వెతకడం పెద్ద నిర్మాతల సుఖం. మిగతావాళ్లు ఊరికే దొరికిన చోటుకు తగ్గట్టు కథను మలుచుకుంటారు.

కామారెడ్డి మీదుగా పోతే రోడ్డు బాగుంటుంది. మేం మాత్రం నర్సాపూర్ అడవి దాటి మెదక్ మీదుగా పోయాం. వాడికి మెదక్ చర్చి చూడాలి. జర్మన్ సినిమాలో యూరప్ కనబడాలి కదా, ఆ యూరప్ ఏదో మెదక్‌లోనే ఉంటే విమానం ఖర్చు మిగులుతుందని వాడి లెక్క.

ఆ లెక్క పూర్తిగా తప్పేం కాదు. చుట్టూ చెరువులు, వరి మళ్లు, మధ్యలో దాదాపు 175 అడుగుల గోపురంతో గోథిక్ శైలి కట్టడం. లోపల క్రీస్తు పుట్టుక, శిలువ, ఆరోహణ కథలు చెప్పే మూడు రంగుటద్దాల కిటికీలు. చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే ఇంగ్లీషు మెథడిస్టు మిషనరీ పూనికతో లేచిన ఈ చర్చిని 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠించారు. ఇది లేవడానికి వెనక ఉన్నది యుద్ధమూ, కరువూ. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఈ ప్రాంతం తిండికి అల్లాడితే, ఊరికే గంజి పోయడం కన్నా పని ఇచ్చి తిండి పెడదామని పాస్నెట్ చుట్టుపక్కల ఊళ్ల జనాన్ని ఈ కట్టడంలోకి దింపాడు. అక్కడ యూరప్‌లో పిల్లలు కందకాల్లో చస్తుంటే ఇక్కడ మెదక్ జనం ఆకలికి రాళ్లు మోశారు. రెండూ ఒకే యుద్ధం చేసిన పనులు.

మా వాడు చేతివేళ్లతో ఫ్రేము కట్టి చూస్తూ, "మామా, గీ మెట్ల ముంగట షెల్లు పడ్డట్టు తీస్తే?" అన్నాడు. ప్రార్థన చేసుకునే చోటురా, పొగలూ పేలుళ్లూ పెడితే ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా అన్నాను. రాళ్లు మోసిన వాళ్ల సంగతి చెప్పాను. వాడు కొంచెం సేపు గోపురం వైపు చూసి, "సరే, దూరం నుంచి ఒక్కటే షాట్. పొద్దుగాల మంచుల. మిగతాదంత గంట సౌండ్" అన్నాడు. డబ్బు లేని దర్శకుడికి వచ్చే మొదటి తెలివి ఇదే: చూపించలేనిదాన్ని వినిపించడం.

డబ్బున్నవాళ్లు జార్జియా పోతారు. క్రిష్ 2015లో 'కంచె' తీసినప్పుడు రెండో ప్రపంచ యుద్ధపు ఇటలీని జార్జియాలో చూపించాడు. విశాఖ మ్యూజియంలో ఉన్న జపాన్ బాంబును చూశాక తనకు ఆ ఆలోచన వచ్చిందని ఆయన చెప్పాడు. 1942 ఏప్రిల్ 6న విశాఖ మీద, కాకినాడ మీద జపాన్ విమానాలు బాంబులు వేసిన మాట తెలుగువాళ్లలో ఎంతమందికి గుర్తుందో గానీ, ఆ గుర్తు ఒక మంచి సినిమాకు విత్తనమైంది. ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు వచ్చింది. అందులో బ్రిటిష్ ఇండియన్ సైన్యంలో కెప్టెన్‌గా జర్మన్ల మీద పోరాడిన వరుణ్ తేజే, రెండేళ్ల తర్వాత 'ఫిదా'లో బాన్సువాడ భానుమతి చేతిలో ఓడిపోయాడు. 'కంచె'లో జర్మన్లు తుపాకీ అవతలి కొసన ఉంటారు. మా వాడికి కావాల్సింది ఇవతలి కొస.

పోచారం అడవి, ఎల్లారెడ్డి దాటాక నేల మారింది. కాలువలు, వాటి మీద చిన్న చిన్న వంతెనలు, కోసిన వరి మడులు, రోడ్డు మీదే ఆరబోసిన వడ్లు. ఇదంతా నిజాంసాగర్ పెట్టిన భిక్ష. మంజీరకు అడ్డంగా అచ్చంపేట దగ్గర 1923లో మొదలుపెట్టి 1931 నాటికి ముగించిన ఈ ఆనకట్ట వెనక చీఫ్ ఇంజనీర్ నవాబ్ అలీ నవాజ్ జంగ్ బుర్ర ఉంది. దీని కాలువలు బాన్సువాడ, బోధన్ మీదుగా నిజామాబాద్ దాకా పారి, వరిని, ఒకప్పుడు బోధన్ షుగర్ ఫ్యాక్టరీకి చెరకును పండించాయి. ఆనకట్ట రాతి గోడ పక్కన నిలబడితే మా వాడు అడక్కుండానే లొకేషన్ దొరికింది. రాయి, ఇనుము, నీళ్లు. ఏ దేశమో చెప్పలేం. అటు కొంచెం కెమెరా తిప్పితే తాటిచెట్టు వస్తుంది, అంతే, జర్మనీ కాస్తా నిజామాబాద్ అవుతుంది.

తాటిచెట్లే మాకు పెద్ద శత్రువులు. దోస్తు పొలంలో నిలబడి ఎటు చూసినా నాలుగు కనబడుతున్నాయి. మంజీర ఇక్కడ ఉత్తరానికి మళ్లి, కందకుర్తిలో గోదావరిని కలవడానికి పోతుంటుంది. ఒడ్డున నల్లరేగడి. వాడి కథ జరిగే ఫ్రాన్స్‌లోని సోమ్ నది ప్రాంతమేమో సుద్దనేల. అక్కడ కందకం తవ్వితే తెల్లగా లేస్తుంది, ఇక్కడ తవ్వితే బొగ్గు కలిపినట్టు లేస్తుంది. వాడు తల గోక్కుని, "బ్లాక్ అండ్ వైట్ల తీస్తా" అన్నాడు. నాకు ఆ మాట నచ్చింది. నలుపు తెలుపులో నేల రంగు ఎవడడుగుతాడు? పండిన వరి చేను కూడా నలుపు తెలుపులో గోధుమ చేనులాగే ఉంటుంది. కాకపోతే పండిన చేనులో సైనికులను పరిగెత్తిస్తానంటే ఏ రైతు ఊరుకుంటాడు?

పక్క మడిలో పని చేసుకుంటున్న పెద్దమనిషి ఒకాయన మమ్మల్ని చాలాసేపటి నుంచి గమనిస్తున్నాడు. చివరికి గట్టు మీదికి వచ్చాడు.

"ఏం సూస్తున్రు సార్?"

"సినిమా తీద్దామని."

"ఫిదా అసొంటిదా?"

"కాదు కాకా, లడాయి సినిమా."

"ఎవలకూ ఎవలకు?"

"ఇంగ్లీషోళ్లకు, జర్మనోళ్లకు."

"మరి మా చేన్లెందుకు?"

మా వాడి దగ్గర జవాబు లేదు. ఆయనే మళ్లీ, "అండ్ల మనోళ్లెవలు?" అని అడిగాడు. జర్మనోళ్లే మనోళ్లు అన్నాడు వాడు. గెలుస్తరా అంటే, ఓడిపోతరు అన్నాడు. ఆయన తల అడ్డంగా ఊపి, కావాల్సిన మాట ఒకటి చెప్పి పోయాడు. యాసంగికి సాగర్ నీళ్లు వదిలితే కింద నుంచి ఊట పడి మా గుంత నిండుతుందట. తవ్వితే నీళ్లు వదలక ముందే తవ్వి, తీసేసి, పూడ్చాలి. పశువులు పడితే ఊరుకోరు. ప్రొడక్షన్ మేనేజర్‌కు జీతమిచ్చినా ఇంత పనికొచ్చే సలహా దొరకదు.

గట్టు మీద కూర్చుని ఖర్చులు రాసుకున్నాం. మోజర్ తుపాకులు ఆర్ట్ వాళ్లు చెక్కతో చేస్తారు, దగ్గరి షాట్లకు రెండు మంచివి చాలు. నిప్పు రవ్వలు గ్రాఫిక్స్‌లో, పేలుడు డబ్బింగ్ థియేటర్‌లో. 1916లో జర్మన్ సైన్యానికి కొత్తగా ఉక్కు టోపీలు వచ్చాయి, అందరికీ ఇంకా అందలేదు. కాబట్టి కొందరికి ఫైబర్ టోపీలు, మిగతావాళ్లకు గుడ్డ తొడిగిన పాత టోపీలు పెట్టినా చరిత్ర తప్పదు. చరిత్ర ఇట్లా అప్పుడప్పుడు పేదవాళ్ల వైపు మొగ్గుతుంది. ఊళ్లో యూనిఫాములు, తుపాకులు కనబడితే జనం హడలిపోతారు కాబట్టి పోలీస్ స్టేషన్‌లో ముందే చెప్పి రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి. జర్మన్ ముఖాలు ఎక్కడివి అన్నాను. "మొహం నిండ బురదే ఉంటది మామా" అన్నాడు. అసలు వాళ్లు ఏ భాష మాట్లాడతారంటే, ఇక్కడి భాషే అన్నాడు. రైతుల ఇళ్ల నుంచి పట్టుకుపోయిన పిల్లలు పుస్తకాల తెలుగు ఎందుకు మాట్లాడతారని వాడి వాదన. ఒప్పుకున్నాను.

ఇటువంటి పేద యుద్ధాలకు గొప్ప వంశమే ఉంది. బెర్న్‌హార్డ్ విక్కీ 1959లో 'డీ బ్రూకె' అంటే 'వంతెన' అనే సినిమా తీశాడు. 1945 ఏప్రిల్, యుద్ధం అయిపోవస్తున్న రోజులు. పదహారేళ్ల బడి పిల్లలు ఏడుగురిని పట్టుకొచ్చి, ఎవరికీ అక్కర్లేని ఒక వంతెనను కాపాడమని నిలబెడతారు. బవేరియాలోని కామ్ అనే చిన్న ఊళ్లో తీశారు. అమెరికన్ ట్యాంకులు దొరక్క చెక్కతో చేసి లారీల మీద తొడిగారు. కళ్లు పెట్టి చూస్తే తెలిసిపోతుంది, చూసేవాళ్లకు మాత్రం ఆ ధ్యాసే ఉండదు. విక్కీ పడుచువయసులో నాజీల సాక్సెన్‌హౌసెన్ క్యాంపులో ఖైదీగా ఉన్నవాడు. సినిమా ఆస్కార్ నామినేషన్ దాకా పోయింది.

అంతకుముందు 1930లో లూయిస్ మైల్‌స్టోన్ 'ఆల్ క్వయెట్ ఆన్ ది వెస్టర్న్ ఫ్రంట్' తీశాడు. అది పెద్ద స్టూడియో సినిమా, మూలం జర్మన్ సిపాయి రెమార్క్ నవల. కాలిఫోర్నియాలో తీశారు, అక్కడ స్థిరపడ్డ పాత జర్మన్ సైనికులు కొందరు అందులో వేషాలు కట్టారు. సీతాకోకచిలుక కోసం చాచిన చేయి చివరి షాట్ తీసే వేళకు హీరో అందుబాటులో లేకపోతే, దర్శకుడు తన చేతినే చాచాడు. ఇది విన్నాక మా వాడి ముఖం వెలిగింది. అదే సినిమా ఆ ఏడు డిసెంబర్‌లో బెర్లిన్‌లో ఆడుతుంటే గోబెల్స్ మనుషులు హాల్లో తెల్ల ఎలుకలను వదిలి గోల చేశారు, వారం తిరక్కుండా ప్రభుత్వం దాన్ని నిషేధించింది. తమ సైనికుడు భయపడ్డాడని, ఆకలికి ఏడ్చాడని చూపిస్తే నాజీలు తట్టుకోలేకపోయారు. 2022లో జర్మన్లే ఎడ్వర్డ్ బెర్గర్ దర్శకత్వంలో దాన్ని మళ్లీ తీస్తే నాలుగు ఆస్కార్లు వచ్చాయి.

ఇక్కడే నాకు మా వాడితో పేచీ వచ్చింది. కథ మొదటి రూపంలో రెండో యుద్ధం ఉండేది. ఇప్పుడు మొదటిదానికి మారాడు గానీ, ఇంకా మనసు అటూ ఇటూ లాగుతోంది. హిట్లర్ పేరుంటే ట్రైలర్ నడుస్తుందని ఎవరో చెప్పారట. ఖర్చు తగ్గేకొద్దీ కెమెరా మనిషి ముఖానికి దగ్గరవుతుంది. వందలమంది జూనియర్ ఆర్టిస్టులు లేరు, ట్యాంకుల్లేవు, ఇక మిగిలింది ముఖమే. రెండు గంటలు ఒక ముఖాన్ని దగ్గర నుంచి చూస్తే వాడి తప్పులన్నీ మాఫ్ చేయబుద్ధవుతుంది. సినిమా అనేదే అట్లాంటి మాయ. ఆ ముఖం 1916లో బలవంతంగా పట్టుకుపోయిన కుర్రాడిదైతే మాఫ్ చేసినా పాపం లేదు. 1942లో రష్యాలో ఉన్నవాడిదైతే, వాడి వెనక ఫ్రేము బయట తగలబెట్టిన ఊళ్లున్నాయి, యూదుల గోతులున్నాయి. తప్పంతా నాజీ పార్టీదే, మామూలు సైనికుడి చేతులు శుభ్రమేనని జర్మన్లు చాలా ఏళ్లు నమ్మారు. 1995లో హాంబర్గ్‌లోని ఒక సామాజిక పరిశోధన సంస్థ సైన్యం చేసిన నేరాల ఫోటోలతో ప్రదర్శన పెట్టి ఊరూరా తిప్పేసరికి దేశం గొడవ గొడవైంది. మా నాన్న అట్లాంటివాడు కాదని ఊరేగింపులు తీశారు. 2013లో వాళ్ల టీవీలో ఐదుగురు పడుచువాళ్ల యుద్ధ కథ వస్తే, పోలండ్ జనం మండిపడ్డారు. మీ పిల్లలను అమాయకులను చేసి తప్పు మా మీదికి తోస్తారా అని.

"అంటే తియ్యొద్దంటవా?" అన్నాడు వాడు.

తీయొద్దనలేదు. ఏ యుద్ధమో తేల్చుకోమన్నాను. రెండోదే కావాలంటే ఫ్రేము బయట ఉన్నది ఒక్కసారన్నా ఫ్రేములోకి రావాలి, అప్పుడు ఆ ముఖం ఏమవుతుందో చూపించే దమ్ముండాలి. విక్కీ పిల్లలను ఎంచుకుని ఆ చిక్కు నుంచి కొంత తప్పించుకున్నాడని నా అనుమానం.

మొదటి యుద్ధంలోనైతే ఈ నేలకు ఒక పోగు తగులుతుంది. 1916 జూలై 14న సోమ్ యుద్ధంలో హై వుడ్ అనే అడవి పక్కన, సాయంత్రం వేళ, 20వ డెక్కన్ హార్స్ గుర్రపు దళం ఈటెలు పట్టుకుని పంట చేలలో జర్మన్ల మీదికి దూకింది. 18వ శతాబ్దం చివర నిజాం కోసం లేపిన అశ్వదళాల నుంచి దిగివచ్చిన రెజిమెంటు అది. అప్పటికి అందులో ఉన్నవాళ్లు చాలావరకు సిక్కులు, జాట్లు, దక్కనీ ముస్లింలు. తెలుగు పేర్లు వెతికితే లాభం లేదు. కానీ కందకంలో ఉన్న జర్మన్ కుర్రాడి వైపు నుంచి చూడండి. మెషిన్ గన్లు, గ్యాసు, ఫిరంగులు అన్నీ చూశాడు. ఒక సాయంత్రం గోధుమ చేను ఊగుతుంది. అందులోంచి తలపాగాలు, ఈటెలు, గుర్రాలు. వాడు పుట్టి బుద్ధెరిగి చూడని మనుషులు. వాళ్లూ ఎవరి యుద్ధమో చేయడానికి సముద్రాలు దాటి వచ్చినవాళ్లే. నిజాం సొంత ఖర్చుతో నడిచిన హైదరాబాద్ లాన్సర్లు వేరు. వాళ్లు సూయజ్, పాలస్తీనాల్లో పనిచేశారు, ఢిల్లీ తీన్‌మూర్తి విగ్రహాల్లో ఒకటి వాళ్లదే.

మా వాడు నోట్‌బుక్ మూసి, "సీన్ మస్తుంది మామా. గుర్రాలకు పైసలెక్కడియి?" అన్నాడు. మెదక్‌లో నువ్వే చెప్పావు కదరా, వినిపించమన్నాను. డెక్కల చప్పుడు, ఊగే చేను, కుర్రాడి ముఖం. వాడు ఒప్పుకోలేదు. ఒక్క గుర్రమన్నా కనబడాలట. ఇందులో మాత్రం వాడిదే నిజమనిపించింది. అంతసేపు చప్పుడు వినిపించి గుర్రాన్ని చూపకపోతే జనం డబ్బులు వాపస్ అడుగుతారు.

బాన్సువాడ బస్టాండ్ చేరేసరికి దీపాలు పెట్టారు. పాత నిజామాబాద్ జిల్లాలో ఉన్న ఈ ఊరు 2016 నుంచి కామారెడ్డి జిల్లాలోకి వచ్చింది. పక్కన కర్ణాటక, కొంచెం ఎడంగా మహారాష్ట్ర. ఛాయ్ హోటల్ బల్ల మీద తెలుగు, ఉర్దూ కలిసి వినబడుతుంటాయి, మధ్యలో ఎవరో మరాఠీలో ఫోన్ మాట్లాడుతుంటారు. 'ఫిదా'లో శేఖర్ కమ్ముల ఈ మాటనే హీరోయిన్ నోట పెట్టి, ఆ పాత్రకు సాయిపల్లవి చేతే డబ్బింగ్ చెప్పించి గెలిచాడు. 2000లో 'డాలర్ డ్రీమ్స్' అనే చిన్న సినిమాతో తొలి దర్శకుడి జాతీయ అవార్డు తెచ్చుకున్న మనిషికి ఊరి భాష విలువ తెలుసు. దాన్ని చూసే మా వాడు జర్మన్లకు బాన్సువాడ మాట పెట్టడానికి ధైర్యం తెచ్చుకున్నాడనుకుంటా.

బల్ల అవతల కూర్చున్న ముసలాయన మా మాటలు విని, ఓడిపోయిన ఫౌజు సినిమానా అని అడిగాడు. ఆ తర్వాత తనే చెప్పుకొచ్చాడు. వాళ్ల మామ ఒకాయన నిజాం ఫౌజులో సిపాయి. 1948 సెప్టెంబర్ 13న యూనియన్ సైన్యం వచ్చింది, ఐదు రోజుల్లో ఖేల్ ఖతం. జనరల్ ఎల్ ఎద్రూస్ హైదరాబాద్‌లో మేజర్ జనరల్ చౌధురికి లొంగిపోయాడు. వాళ్ల మామ తుపాకీ అప్పగించి, వర్దీ విప్పి మూటగట్టి, పగటి పూట దాక్కుంటూ రాత్రి పూట నడుస్తూ ఇంటికొచ్చాడట. రజాకార్లోడని ఎవరన్నా కొడతారని భయం. రజాకారు వేరు, ఫౌజు వేరు అని ఎవరికి చెప్పాలి? చచ్చేదాకా ఆ మూట విప్పలేదట.

నాకు అప్పుడు తట్టింది. మా వాడు వెతుకుతున్న కథ ఇదే కదా. తప్పు వైపున ఉన్న సైన్యం, అందులో మామూలు సిపాయి, ఓటమి, ఇంటికి నడక. నేల ఇదే, భాష ఇదే, తాటిచెట్లు అడ్డం కావు. దీని ఫ్రేము బయటా నెత్తురుంది. ఆ ఆగస్టు 27న రజాకార్లు బైరాన్‌పల్లిలో జనాన్ని నిలబెట్టి కాల్చారు. పోలీస్ యాక్షన్ తర్వాత ముస్లింల మీద జరిగిన దాడులను సుందర్‌లాల్ కమిటీ రాసి ఇస్తే ఆ నివేదిక దశాబ్దాలు బయటికి రాలేదు. మెదక్ జిల్లా మంగళపర్తిలో గౌతమ్ ఘోష్, బి.నర్సింగరావు తక్కువ డబ్బుతో తీసిన 'మా భూమి' ఆ కాలాన్ని రైతుల వైపు నుంచి చెప్పింది. చెప్పాల్సిన వైపు అదే. ఇప్పుడు రెండో వైపు నుంచి చూడగలమా?

"ఇది తియ్యిరా" అన్నాను.

వాడు ఛాయ్ సాసర్‌లో పోసుకుని నిమ్మళంగా తాగి, "జర్మనోళ్ల మీద తీస్తే నా మీద ఎవ్వడు కేసు పెట్టడు మామా. ఇది తీస్తే రెండు దిక్కులోళ్లు కొడ్తరు. పైసలు పెట్టేటోడు ఫోనే ఎత్తడు" అన్నాడు. నేనేమీ అనలేకపోయాను. ముసలాయన మాత్రం నవ్వాడు. మా గుర్రాల గొడవ కూడా ఆయన విన్నట్టున్నాడు. పెండ్లిండ్ల బారాత్‌లకు గుర్రాలు కిరాయికిచ్చేవాడు తనకు తెలుసన్నాడు. బ్యాండు మోతకు అలవాటు పడ్డ గుర్రాలట, పటాకులకు బెదరవట.

మా వాడు నోట్‌బుక్ తెరిచాడు. "తెల్లయా, నల్లయా? దినానికెంత తీస్కుంటరు?"